కాలు తీసినా... కన్ను తీయొద్దు!

క్రూయిజ్ కంట్రోల్, లేన్ అసిస్ట్, ఆటోమేటిక్ బ్రేకింగ్... ఇప్పుడు కొత్త కారు కొంటే వీటిలో ఏదో ఒకటి ఉంటోంది. కొందరు భయపడి ఆ బటన్ల జోలికే వెళ్లరు. ఇంకొందరు మొదటి వారంలోనే స్టీరింగ్ వదిలేసి రీల్ తీస్తారు. రెండూ పొరపాటే. ఆ రెండింటినీ చేసి, అదృష్టం కొద్దీ బయటపడ్డవాణ్ని కాబట్టి చెబుతున్నాను.

రెండేళ్ల కిందట సంక్రాంతికి నాన్నతో కలిసి హైదరాబాద్ నుంచి విజయవాడ బయల్దేరాను. కారు కొని అప్పటికి మూడు వారాలు. నాన్న ఆర్టీసీలో 28 ఏళ్లు బస్సు నడిపారు. రిటైరైనా ఆయన కుడికాలు మాత్రం రిటైర్ కాలేదు. పక్క సీట్లో కూర్చున్నా సరే, ముందు ఏదైనా అడ్డం వస్తే అక్కడ లేని బ్రేకును గట్టిగా తొక్కుతారు.

పంతంగి టోల్‌ప్లాజా దాటాక అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్‌ను 90 దగ్గర సెట్ చేశాను. ‘‘చూడు నాన్నా, ముందు బండి స్లో అయితే ఇదీ స్లో అవుతుంది. అది కదిలితే ఇదీ కదులుతుంది. నేను కాలు పెట్టక్కర్లేదు’’ అంటూ డెమో మొదలుపెట్టాను. ఆయన ఏమీ అనలేదు. రోడ్డు వంకే చూస్తున్నారు.

చిట్యాల దాటేసరికి చీకటి పడింది. ముందు ఒక తెల్ల కారు 75లో వెళ్తోంది. మాదీ దాని వెనకే బుద్ధిగా 75లో వెళ్తోంది. ఉన్నట్టుండి ఆ కారు కుడి లేన్‌లోకి తప్పుకుంది. అప్పుడు నా కారు ఏం చేసిందో తెలుసా? ముందు దారి ఖాళీ అయిందనుకుని స్పీడ్ పెంచింది! అదే లేన్‌లో ఒక లారీ ఆగి ఉంది. వెనక లైట్లు లేవు. రిఫ్లెక్టర్ స్టిక్కర్లు దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి.

‘‘ఒరేయ్, లారీ!’’

నాన్న కేక, ఆయన కాలు ఫ్లోర్ మ్యాట్ మీద పడిన చప్పుడు ఒకేసారి వినిపించాయి. నేను బ్రేక్ మీద నిలబడ్డాను. కారు ఆగేసరికి లారీకి, మాకు మధ్య ఓ ఆటో పట్టేంత జాగా మిగిలింది. పక్కకు తీసి ఆపి, నీళ్లు తాగి, పది నిమిషాల వరకూ ఇద్దరం మాట్లాడుకోలేదు.

కారు చెడిపోలేదు!

ఊరెళ్లాక నేను చేసిన మొదటి పని గూగుల్‌లో తిట్లు వెతకడం. రెండో పని, కారుతో వచ్చిన ఓనర్స్ మాన్యువల్ తెరవడం. మూడు వారాలుగా అది ప్లాస్టిక్ కవర్‌లోంచి బయటికే రాలేదు. అందులో స్పష్టంగా రాసి ఉంది... ‘ముందు వాహనం లేన్ మారినప్పుడు, దాని ముందు ఆగి ఉన్న వాహనాన్ని ఈ సిస్టమ్ గుర్తించకపోవచ్చు.’ అంటే నా కారులో ఏ పార్టూ ఫెయిల్ కాలేదు. దాన్ని ఎలా తయారుచేశారో అలాగే పనిచేసింది. దాని హద్దు ఎక్కడుందో నాకే తెలియదు.

ఎందుకలా? బంపర్ దగ్గర ఉండే రాడార్ రేడియో తరంగాలను పంపి, తిరిగి వచ్చిన వాటిని బట్టి ఎదుటి వస్తువు దూరం, వేగం లెక్కగడుతుంది. కదిలే వాహనాలు దానికి తేలిగ్గా దొరికిపోతాయి. కదలనివి మాత్రం రోడ్డు పక్క సైన్‌బోర్డు, ఫ్లైఓవర్, డివైడర్ రెయిలింగ్... అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ప్రతి బోర్డుకూ బ్రేక్ వేస్తూ పోతే హైవే మీద వెనక వచ్చేవాళ్లు మనల్ని గుద్దేస్తారు. అందుకే చాలా సిస్టమ్స్ పెద్ద వేగంలో ఉన్నప్పుడు కదలని వస్తువులను అంత తొందరగా లెక్కలోకి తీసుకోవు. కెమెరా కూడా ‘అవును, అది వాహనమే’ అని ఒప్పుకోవాలి. చీకట్లో, లైట్లు లేని లారీని చూసి కెమెరా ఆ మాట చెప్పేసరికి ఆలస్యం కావచ్చు. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. రెండు సెకన్ల ఆలస్యం అంటే 50 మీటర్లు పోయినట్టే.

భయంతో రెండో తప్పు

ఆ తర్వాత నేను అచ్చం పాలు తాగి నోరు కాల్చుకున్న పిల్లిలా తయారయ్యాను. మజ్జిగ కూడా ఊదుకుని తాగే రకం! క్రూయిజ్ కంట్రోల్ బటన్ ముట్టుకోలేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి లేన్ అసిస్ట్, అలర్టులు కనిపించినవన్నీ ఆఫ్ చేశాను. ‘ఈ కంప్యూటర్లను నమ్మేది లేదు’ అని ఫ్రెండ్స్‌కి క్లాసులు కూడా పీకాను.

రెండు నెలలు గడిచాయి. ఓ సాయంత్రం కూకట్‌పల్లిలో ట్రాఫిక్ నత్తలా పాకుతోంది. స్పీడ్ 30 కూడా ఉండదు. మ్యాప్‌లో రూట్ మారిందేమోనని స్క్రీన్ వైపు చూశాను. ఒక్క క్షణమే. ఇంతలో పెద్దగా బీప్ సౌండ్, కారు దానంతటదే బ్రేక్ వేసుకుని ఆగిపోయింది. తలెత్తి చూస్తే ముందు బైక్ మీద భార్యాభర్తలు, మధ్యలో స్కూల్ బ్యాగుతో ఓ పాప. నా బంపర్‌కి, వాళ్ల వెనక చక్రానికి మధ్య మూరెడు దూరం.

నేను అన్నీ ఆపేశాననే అనుకున్నాను. కానీ చాలా కార్లలో ఎమర్జెన్సీ బ్రేకింగ్ ఒకసారి ఆఫ్ చేసినా, మళ్లీ ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఆన్ అవుతుంది. నాదీ అంతే. సంక్రాంతికి ఏది పనిచేయదో నాకు తెలియదు. ఇప్పుడు ఏది పనిచేస్తోందో కూడా తెలియలేదు. నా అజ్ఞానం రెండుసార్లూ ఒక్కటే!

నమ్మకానికి కూడా లెక్క ఉంది

దీని మీద ఎప్పటినుంచో పరిశోధన ఉంది. భారత సంతతి మనస్తత్వ శాస్త్రవేత్త రాజా పరశురామన్, విక్టర్ రైలీతో కలిసి 1997లో ఒక పేపర్ రాశారు. యంత్రాన్ని అవసరానికి మించి నమ్మడాన్ని ‘మిస్‌యూజ్’ అనీ, పనికొచ్చే యంత్రాన్ని కూడా నమ్మక పక్కన పెట్టడాన్ని ‘డిస్‌యూజ్’ అనీ అందులో విడదీసి చెప్పారు. సంక్రాంతికి నేను చేసింది మొదటిది, ఆ తర్వాత రెండు నెలలు చేసింది రెండోది.

అతినమ్మకం ఎంత దూరం తీసుకెళ్తుందో 2016 మేలో అమెరికాలోని ఫ్లోరిడాలో ప్రపంచం చూసింది. ఆటోపైలట్ మీద వెళ్తున్న టెస్లా మోడల్ ఎస్ కారు, రోడ్డు దాటుతున్న పెద్ద ట్రక్కు ట్రైలర్ కిందికి దూసుకెళ్లింది. డ్రైవర్ చనిపోయారు. ట్రక్కు డ్రైవర్ దారి ఇవ్వకపోవడంతో పాటు, కారు డ్రైవర్ యంత్రం మీద అతిగా ఆధారపడటాన్నీ అక్కడి దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ కారణంగా తేల్చింది. డ్రైవర్ అలా ఆధారపడే వీలు ఆ సిస్టమ్ డిజైన్‌లోనే ఉందని కూడా చెప్పింది. 2023 డిసెంబరులో టెస్లా ఒక్క అమెరికాలోనే 20 లక్షలకు పైగా కార్లకు రీకాల్ ప్రకటించింది. ఎందుకంటే, డ్రైవర్ దృష్టి రోడ్డు మీదే ఉండేలా హెచ్చరికలను గట్టిపరచడానికి.

అలాగని వద్దనుకుంటే నష్టం మనకే. ముందు వాహనాన్ని వెనక నుంచి గుద్దే ప్రమాదాలు, ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్ ఉన్న కార్లలో దాదాపు సగం తగ్గాయని అమెరికాలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ లెక్క తేల్చింది. పాదచారులను గుద్దే ప్రమాదాలూ తగ్గాయి. కానీ వీధిదీపాలు లేని చీకటి రోడ్ల మీద మాత్రం తేడా కనిపించలేదని అదే సంస్థ చెప్పింది. మన ఊళ్లకు వెళ్లే రోడ్లను ఓసారి గుర్తుచేసుకోండి. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఇన్ని ప్రాణాలు పోతున్నచోట సాయం చేసే యంత్రాన్ని వదులుకోలేం. గుడ్డిగా అప్పజెప్పలేం కూడా.

ఏది ఏం చేస్తుంది?

షోరూమ్‌లో అన్నింటినీ కలిపి ‘ఆడాస్’ అంటారు. డ్రైవర్‌కి సాయపడే ఫీచర్లన్నింటికీ అది ఉమ్మడి పేరు. 2021లో ఎంజీ ఆస్టర్, మహీంద్రా ఎక్స్‌యూవీ700 వచ్చాక ఇది మన మధ్యతరగతి మాటల్లోకి వచ్చింది. ఆ తర్వాత హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా, కియా సెల్టోస్, టాటా హారియర్... ఇలా వరసకట్టాయి. పేర్లు కంపెనీని బట్టి మారతాయి. పని మాత్రం ఇంతే.

మామూలు క్రూయిజ్ కంట్రోల్: మీరు పెట్టిన స్పీడ్‌ను పట్టుకుని ఉంటుంది. ముందు ఏముందో దీనికి బొత్తిగా తెలియదు. దీన్ని కనిపెట్టిన అమెరికన్ ఇంజినీర్ రాల్ఫ్ టీటర్‌కు చిన్నప్పుడే ప్రమాదంలో చూపు పోయింది. ఆయన లాయర్ మాట్లాడుతూ కారు నడిపితే కుదుపులు ఎక్కువయ్యేవట. ఆ విసుగులోంచే ఈ ఆలోచన పుట్టిందంటారు. 1950లో పేటెంట్ వచ్చింది. 1958లో క్రిస్లర్ కార్లలోకి ఎక్కింది. పక్క సీట్లో కూర్చున్నవాడి బాధ డ్రైవింగ్‌నే మార్చేసిందన్నమాట!

అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్: ముందు వాహనాన్ని బట్టి వేగం తగ్గిస్తుంది, పెంచుతుంది. ఆగి ఉన్నవాటి విషయంలో దీని బలహీనత ఇందాకే చూశారు.

లేన్ కీప్ అసిస్ట్: కెమెరాతో గీతలు చూసి స్టీరింగ్‌ను సరిచేస్తుంది. గీతలు చెరిగిపోతే దీనికి దారి తెలియదు. ఇండికేటర్ వేయకుండా లేన్ మారబోతే స్టీరింగ్ వెనక్కి లాగినట్టు అనిపిస్తుంది. కంగారుపడొద్దు. కాస్త బలంగా తిప్పితే మీ మాటే వింటుంది.

ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్: గుద్దేస్తామనుకున్నప్పుడు ఆఖరి నిమిషంలో బ్రేక్ వేస్తుంది. కొన్నిసార్లు ప్రమాదం తప్పుతుంది, కొన్నిసార్లు దెబ్బ తగ్గుతుంది. ఇది సీటు బెల్టు లాంటిది. ఉందని ధైర్యంగా ఉండొచ్చు, ఉందని గుద్దుకోకూడదు.

ఇంకో ముఖ్య విషయం. ఆటోమేషన్‌ను 0 నుంచి 5 వరకు లెవల్స్‌గా విభజించారు. మన రోడ్ల మీద ప్రచారంలో ఉన్నవి లెవల్ 1, 2. లెవల్ 2లో కారు స్టీరింగ్, స్పీడ్ రెండూ చూసుకున్నా డ్రైవర్ మీరే. ప్రతి సెకనూ గమనించాల్సిన బాధ్యత మీదే. ‘లెవల్ 2 ప్లస్’ అని ప్రకటనల్లో కనిపిస్తే అది మార్కెటింగ్ పేరే తప్ప ఆ ప్రమాణంలో అలాంటి మెట్టు లేదు.

నాన్న చెప్పిన పద్ధతి

కూకట్‌పల్లి సంగతి ఫోన్లో చెప్పాక నాన్న ఒక మాటన్నారు. ‘‘డిపోలో కొత్త బస్సు ఇస్తే మేం మొదటిరోజే శ్రీశైలం ఘాట్ ఎక్కించేవాళ్లం కాదురా. బ్రేకు ఎక్కడ పడుతుందో, ఎంత తొక్కితే ఎంత ఆగుతుందో ఖాళీ రోడ్డు మీద చూసుకునేవాళ్లం. దాని గుణం తెలిశాకే జనాన్ని ఎక్కించుకునేది. నీ కారు గుణం నీకు తెలుసా?’’

తెలియదు. అందుకే మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాను. మీరూ ఇలా ప్రయత్నించవచ్చు.

మొదటి వారం, వినడం: కంట్రోల్ తీసుకోని ఫీచర్లతో మొదలుపెట్టండి. బ్లైండ్ స్పాట్ లైటు, లేన్ దాటుతున్నామనే అలర్టు లాంటివి. అవి ఎప్పుడు సరిగ్గా చెబుతున్నాయో, ఎప్పుడు ఊరికే అరుస్తున్నాయో గమనించండి. అద్దాలు చూడటం మాత్రం మానొద్దు.

రెండో వారం, బటన్లు: తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద క్రూయిజ్ కంట్రోల్ పెట్టండి. నేను 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డును ఎంచుకున్నాను. బైకులు, పాదచారులకు అనుమతి లేదు, గీతలు బాగుంటాయి. సెట్, క్యాన్సిల్, రెజ్యూమ్ బటన్లు చూడకుండా వేలికి అందాలి. బ్రేక్ తాకితే క్రూయిజ్ ఆగిపోవడం పదిసార్లు చేసి చూడండి. ‘రెజ్యూమ్’తో జాగ్రత్త! ఇందాక పెట్టిన స్పీడ్ 100 అయితే, ఇప్పుడు మీరు 50లో ఉన్నా అది 100కే పరుగెడుతుంది.

మూడో వారం, దూరం: అడాప్టివ్ క్రూయిజ్‌ను అన్నిటికంటే ఎక్కువ గ్యాప్‌తో పెట్టండి. ముందు వాహనం స్లో అవుతున్నప్పుడు కాలు బ్రేక్ పైన సిద్ధంగా ఉంచుకుని, ఎంత దూరంలో కారు స్పందిస్తోందో చూడండి. నాన్న చెప్పిన ‘బ్రేకు ఎక్కడ పడుతుంది’ అంటే ఇదే. మీకు గుండె దడ మొదలయ్యే చోటు కంటే కారు ఆలస్యం చేస్తోందా? అయితే ఆగకండి, మీరే బ్రేక్ వేయండి. ఎవరైనా మధ్యలో దూరితే ఎంతసేపటికి గుర్తుపడుతోందో, మలుపులో ముందు కారును వదిలేస్తోందా లేదా అన్నదీ చూసుకోండి.

నాలుగో వారం, లేన్: లేన్ అసిస్ట్ ఆన్ చేసి చేతులు స్టీరింగ్ మీదే ఉంచండి. ఎక్కడ గీతలు పట్టుకుంటోంది, ఎక్కడ వదిలేస్తోంది అన్నది డాష్‌బోర్డులోని చిన్న బొమ్మ చెబుతుంది. ఆ బొమ్మ చదవడం అలవాటు చేసుకోండి.

ఒక్కటి మాత్రం పరీక్షించొద్దు. ఎమర్జెన్సీ బ్రేకింగ్ పనిచేస్తుందో లేదో చూద్దామని ఫ్రెండ్‌ని ఎదురుగా నిలబెట్టి కారు తోలే వీడియోలు మీరూ చూసే ఉంటారు. స్నేహితుడు లైక్ కోసం పెట్టుబడి కాదు.

ఎప్పుడు ఆపేయాలి?

• వాన పడుతున్నప్పుడు: నీళ్ల మీద టైరు జారితే మీ కాలికి వెంటనే తెలుస్తుంది. క్రూయిజ్ మాత్రం స్పీడ్ నిలబెట్టాలని చూస్తుంది.
• పొగమంచు, ఎదురెండ: కెమెరాకు కూడా కళ్లు చెదురుతాయి. బురద పడితే రాడార్‌దీ అదే పరిస్థితి. బయల్దేరేముందు అద్దంతో పాటు రాడార్ ఉండే చోటునూ తుడవండి.
• రోడ్డు పనుల డైవర్షన్లు: పాత గీత ఒకవైపు, కొత్త దారి ఇంకోవైపు ఉంటాయి. కారు పాత గీతనే నమ్మొచ్చు.
• టోల్‌ప్లాజాలు, ఊళ్ల జంక్షన్లు, ఘాట్‌రోడ్లు: రాంగ్‌రూట్‌లో వచ్చే ట్రాక్టర్, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, అడ్డంగా పడుకున్న బర్రె... ఇవన్నీ మీరు చూసుకోవాల్సినవే.
• నిద్ర వస్తున్నప్పుడు: కాలికి పని లేకపోతే కునుకు ఇంకా తొందరగా వస్తుంది. నిద్రకు ఆడాస్ మందు కాదు. బండి ఆపి పడుకోవడమే మందు.

ఇందులో మన ఉద్యోగాలూ ఉన్నాయి

ఇంజినీరింగ్ చదువుతున్నవారికి ఒక మాట. నా లారీ కథలో ఏ పార్టూ పాడవలేదు, అయినా ప్రాణం మీదికి వచ్చింది కదా? సరిగ్గా ఇలాంటి ప్రమాదాల కోసమే ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. పేరు ఐఎస్‌ఓ 21448, 2022లో వచ్చింది. దీన్నే ‘సోటిఫ్’ అంటారు. పార్టు చెడినప్పుడు ఏం జరగాలో ఐఎస్‌ఓ 26262 చూస్తే, ఏదీ చెడకపోయినా వచ్చే ముప్పును ఇది చూస్తుంది. ఈ రెండూ తెలిసినవారు ఆటోమొబైల్ సాఫ్ట్‌వేర్ కంపెనీలకు కావాలి.

మన దగ్గర దారులూ ఉన్నాయి. ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవర్ లేని వాహనాలను పరీక్షించే ‘టీహాన్’ టెస్ట్‌బెడ్ 2022లో మొదలైంది. హ్యుందాయ్ మోబిస్, జెడ్‌ఎఫ్ లాంటి సంస్థల టెక్నాలజీ సెంటర్లు హైదరాబాద్‌లో ఉన్నాయి. ట్రిపుల్‌ఐటీ హైదరాబాద్, ఇంటెల్‌తో కలిసి 2018లో ‘ఇండియా డ్రైవింగ్ డేటాసెట్’ విడుదల చేసింది. హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద తీసిన సుమారు 10,000 చిత్రాలను 34 రకాలుగా గుర్తులు పెట్టి ఇచ్చారు. వాటిలో ఆటోరిక్షా ఉంది, జంతువులూ ఉన్నాయి. విదేశీ రోడ్ల డేటాతో నేర్చుకున్న కెమెరాకు మన ఆటో ఎలా తెలుస్తుంది చెప్పండి?

మెకానికల్ వాళ్లయితే వెహికల్ డైనమిక్స్, కంట్రోల్ సిస్టమ్స్ మీద పట్టు పెంచుకోండి. ఈసీఈ అయితే రాడార్, సిగ్నల్ ప్రాసెసింగ్. కంప్యూటర్స్ అయితే సీ ప్లస్‌ప్లస్, పైథాన్, కంప్యూటర్ విజన్. అందరికీ మ్యాట్‌ల్యాబ్, సిమ్యులింక్ పనికొస్తాయి. మినీ ప్రాజెక్టు కావాలా? మీ ఊరి రోడ్డు మీద డ్రైవర్ అసిస్టెన్స్‌ను తికమకపెట్టే పది సందర్భాలు రాసి, వాటిని సిమ్యులేటర్‌లో తయారుచేయండి. పల్లె రోడ్డు చూసి పెరగడం ఈ ఇంటర్వ్యూలో ప్లస్ పాయింటే.

ఇప్పుడు నేను ఎలా నడుపుతున్నానంటే... ఔటర్ మీద, హైవేలో మంచి స్ట్రెచ్‌ల మీద క్రూయిజ్ వాడతాను. నాలుగు గంటలు నడిపినా మోకాలు నొప్పి లేదు, ఆ మిగిలిన ఓపికంతా రోడ్డును చూడటానికే పెడతాను. ముందు కారు లేన్ మారుతోందంటే చాలు, దాని వెనక ఏముందోనని నా పాదం బ్రేక్ మీదకు వెళ్లిపోతుంది.

మొన్న దసరాకు నాన్నతో మళ్లీ అదే రోడ్డు మీద వెళ్లాను. సూర్యాపేట దాటాక ముందున్న వ్యాన్ సడెన్‌గా కుడికి జరిగింది. దాని ముందు చెరకు ట్రాక్టర్, దాదాపు ఆగినట్టే ఉంది. నాన్న కుడికాలు ఎప్పట్లాగే ఫ్లోర్ మ్యాట్‌ను తొక్కింది. కానీ కారు అప్పటికే స్లో అయింది. ఆయన వంగి నా కాలివైపు చూశారు.

‘‘ఆపింది నువ్వా, కారా?’’

‘‘నేనే నాన్నా.’’

‘‘ఊఁ’’ అని సీటు కాస్త వెనక్కి వాల్చుకున్నారు.